ఏడో ఆట ఓడినందుకు మేనేజర్‌పై వేటు వేయాలా?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. మూడేళ్ల క్రితం బెల్‌వ్యూకు వచ్చిన మీరు ఆఫీసు స్నేహితులతో కలిసి సియాటిల్ మారినర్స్ బేస్‌బాల్ ఆటలకు అలవాటుపడ్డారు. 2025 అక్టోబర్ 20న టొరంటోలో జరిగిన ఏడో ఆట, అంటే అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో ఎవరు వరల్డ్ సిరీస్‌కు వెళ్తారో తేల్చిన చివరి ఆట, మీకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. "గెలవాల్సిన ఆటను చేజార్చిన మేనేజర్ డాన్ విల్సన్‌ను ఇంకా ఎందుకు కొనసాగిస్తున్నారు? ఇంతకంటే చిన్న తప్పులకే వేరే జట్లు మేనేజర్లను పంపేశాయి కదా? అసలు పోస్ట్‌సీజన్‌లో (సీజన్ ముగిశాక జరిగే ప్లేఆఫ్‌లలో) ఓడాక మేనేజర్‌ను మారిస్తే లాభం ఉంటుందా?" అని అడిగారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఒక్క ఆట ఫలితాన్ని బట్టి మేనేజర్‌ను తీసేయకూడదు. ఆ ఆటలో బయటపడిన లోపం ఆయనకు ఏడాది పొడవునా ఉన్న అలవాటే అయితే, దాన్ని దిద్దుకునే సూచనలు కనబడకపోతే, అప్పుడు తీసేయవచ్చు. విల్సన్ విషయంలో మన ముందున్నది ఒక్క ఆట ఫలితమే కాబట్టి ఆయనను ఉంచుకోవడమే సరైన పని. ఆ రాత్రి ఆయన పిలిచిన పిచర్‌ను (బంతి వేసేవాణ్ణి) నేనైతే పిలిచేవాణ్ణి కాదు, అయినా నా మాట ఇదే.

నేను సియాటిల్‌కు వచ్చింది 2001లో. ఆ ఏడాది మారినర్స్ 116 ఆటలు గెలిచి 1906 నాటి షికాగో కబ్స్ రికార్డును సమం చేసింది. అన్ని ఆటలు గెలిచిన జట్టు అక్టోబర్‌లో యాంకీస్ చేతిలో 4-1తో ఓడిపోవడం చూసి, ఈ ఆట నాకు అర్థం కాలేదనుకుని, స్కోరు పుస్తకం రాయడం నేర్చుకున్నాను. కొన్నేళ్లుగా నాకొక నియమం ఉంది. ఆరో ఇన్నింగ్స్ తర్వాత పిచర్‌ను మార్చే పరిస్థితి వచ్చిన ప్రతిసారీ, మేనేజర్ డగౌట్ (మైదానం అంచున జట్టు కూర్చునే చోటు) నుంచి బయటికి అడుగు పెట్టకముందే, నేనైతే ఎవరిని పిలుస్తానో పుస్తకం అంచున పెన్నుతో రాసుకుంటాను. బంతి పడ్డాక రాయకూడదు, కొట్టివేయకూడదు. గట్టు మీద కూర్చుని ఈత నేర్పే గుణం నాలో చాలావరకు తగ్గిందంటే అది ఈ నియమం వల్లనే. నేను రాసుకున్న పేర్లలో కూడా తప్పులు తక్కువేమీ కాదు.

ముందు ఆ ఏడో ఇన్నింగ్స్ సంగతి చూద్దాం. మారినర్స్ 3-1 ఆధిక్యంలో ఉంది. గాయం నుంచి అప్పుడప్పుడే కోలుకుంటున్న మారినర్స్ పిచర్ బ్రయన్ వూ ఐదో, ఆరో ఇన్నింగ్స్‌లు వేసి ఏడోదానికి కూడా వచ్చాడు. మొదటి బ్యాటర్‌కు వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా మొదటి బేస్) ఇచ్చాడు, రెండో బ్యాటర్ సింగిల్ కొట్టాడు, మూడో బ్యాటర్ బంట్ చేసి (బంతిని మెల్లగా తాకించి) ఇద్దరినీ ముందుకు జరిపాడు. రెండు, మూడు బేస్‌ల మీద రన్నర్లు, ఒక అవుట్, ఎదురుగా జార్జ్ స్ప్రింగర్. విల్సన్ ఎడ్వార్డ్ బజార్డోను పిలిచాడు. స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, ఆట 4-3తో ముగిసింది. జట్టులోని అత్యుత్తమ రిలీవర్ (ఆట మధ్యలో వచ్చే పిచర్) ఆండ్రెస్ మున్యోజ్ ఆ సమయానికి రిలీవర్లు సిద్ధమయ్యే బుల్‌పెన్‌లోనే ఉన్నాడు. నా పుస్తకం అంచున ఉన్న పేరు మున్యోజ్‌దే.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇక్కడొక విషయం వెంటనే తట్టదు. క్రికెట్‌లో కెప్టెన్ ఒక బౌలర్‌ను పక్కన పెట్టి, రెండు ఓవర్ల తర్వాత మళ్లీ పిలవవచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వెళ్లిన ఆటగాడు ఆ ఆటలోకి తిరిగి రాలేడు. అందుచేత మేనేజర్ తీసుకునే ప్రతి నిర్ణయం ఒక తలుపును శాశ్వతంగా మూసేస్తుంది. మున్యోజ్‌ను ఏడో ఇన్నింగ్స్‌లో వాడేస్తే తొమ్మిదో ఇన్నింగ్స్‌కు ఎవరు మిగులుతారన్న భయం అర్థంలేనిది కాదు. అయితే ఏడో ఆట తర్వాత ఎనిమిదో ఆట ఉండదు కనుక, అతి ప్రమాదకరమైన క్షణానికి అతి మంచి పిచర్‌ను ఖర్చుపెట్టాలన్నది నా వాదన. బజార్డో ఆ ఏడాదంతా ఇన్నింగ్స్ మధ్యలో వచ్చి ఇబ్బందుల నుంచి గట్టెక్కించిన మనిషి అన్నది విల్సన్ పక్షం. ఈ రెండు వాదనల్లో నాదే బలమైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఎదుటివాదాన్ని మూర్ఖత్వం అనలేను. వేటు వేయాలంటే ఇంతకంటే పెద్ద కారణం కావాలి.

చిన్న సిరీస్‌లలో అదృష్టం పాలు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ఒక ఉదాహరణ లెక్క చెబుతాను. ప్రత్యర్థికంటే నిజంగానే మెరుగైన జట్టు ఒకటి ఉందని, ప్రతి ఆటలోనూ అది గెలిచే అవకాశం నూటికి 55 అని అనుకుందాం. ప్లేఆఫ్‌లకు వచ్చిన రెండు మంచి జట్ల మధ్య ఇది చెప్పుకోదగ్గ తేడాయే. ఆ జట్టు ఐదు ఆటల సిరీస్ గెలిచే అవకాశం నూటికి 59, ఏడు ఆటల సిరీస్ గెలిచే అవకాశం నూటికి 61 మాత్రమే. 2022 నుంచి అమల్లో ఉన్న పన్నెండు జట్ల పద్ధతిలో, తొలి రౌండ్ ఆడనవసరం లేని జట్టు కూడా ఒక ఐదు ఆటల సిరీస్, రెండు ఏడు ఆటల సిరీస్‌లు గెలవాలి. మూడింటినీ గుణిస్తే వచ్చేది నూటికి సుమారు 22. అంటే అన్ని రౌండ్లలోనూ ఎదుటివారికంటే మెరుగైన జట్టు కూడా ప్రతి ఐదేళ్లలో నాలుగేళ్లు కన్నీళ్లతోనే ఇంటికి వెళ్తుంది. ఆ నాలుగేళ్లూ మేనేజర్‌ను మారుస్తూపోతే డగౌట్‌లో కుర్చీ చల్లబడే సమయం కూడా ఉండదు.

మరైతే ఫలితం కాకుండా అలవాటు చూసి తీసేయడమంటే ఏమిటని అడుగుతారు. దానికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ 2003 నాటి బోస్టన్ రెడ్ సాక్స్ మేనేజర్ గ్రేడీ లిటిల్.

ఆ ఏడాది అక్టోబర్ 16న యాంకీ స్టేడియంలో ఏడో ఆట జరిగింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ 5-2 ఆధిక్యంలో ఉంది. బోస్టన్ పిచర్ పెడ్రో మార్టినెజ్ అప్పటికే ఏడు ఇన్నింగ్స్‌లలో వంద బంతులు వేసేశాడు. వంద దాటాక అతని పదును తగ్గుతుందని ఆ జట్టును అనుసరించే వారందరికీ తెలుసు. యాంకీస్ బ్యాటర్ జీటర్ డబుల్ కొట్టాడు, బెర్నీ విలియమ్స్ సింగిల్‌తో ఒక పరుగు వచ్చింది. లిటిల్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దగ్గరికి వెళ్లాడు, పెడ్రోతో మాట్లాడాడు, అతన్ని అక్కడే వదిలి తిరిగి వచ్చాడు. తర్వాత మత్సూయి డబుల్, పొసాడా డబుల్, స్కోరు 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్‌తో అంతా ముగిసింది. ఆ అక్టోబర్‌లో చక్కగా వేస్తున్న రిలీవర్లు టిమ్లిన్, ఎంబ్రీ ఇద్దరూ అప్పటికి సిద్ధంగానే ఉన్నారు.

ఆ నెలాఖరుకల్లా లిటిల్ ఒప్పందాన్ని పొడిగించడం లేదని జట్టు ప్రకటించింది. చాలామంది దీన్ని ఒక్క ఇన్నింగ్స్‌కు పడిన శిక్షగా చూశారు. నేను అలా చూడను. థియో ఎప్‌స్టీన్ నడుపుతున్న ఫ్రంట్ ఆఫీస్ (ఆటగాళ్లను ఎంచుకునే యాజమాన్య విభాగం) గణాంకాలను ఆధారం చేసుకుని జట్టును కడుతోంది. మేనేజర్ మాత్రం ఆటగాడి కళ్లలోకి చూసి నిర్ణయాలు తీసుకునే మనిషి. ఆ పొసగనితనం ఏప్రిల్ నుంచీ ఉంది, అక్టోబర్‌లో దేశమంతా చూసింది, అంతే.

కళ్లలోకి చూసి నిర్ణయించడం గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను కొన్నేళ్లు మా పేటలో పన్నెండేళ్లలోపు పిల్లల జట్టుకు కోచ్‌గా ఉన్నాను. ఆ వయసు పిల్లలు రోజుకు 85 బంతులకు మించి వేయకూడదని లిటిల్ లీగ్ నిబంధన. ఒక సెమీఫైనల్‌లో మా అబ్బాయి ఒకడు డెబ్బై బంతుల దగ్గర చెమటలు కక్కుతున్నాడు. నేను మౌండ్ దగ్గరికి వెళ్లి, "వేయగలవా?" అని అడిగాను. "వేస్తాను, కోచ్" అన్నాడు. వరసగా ముగ్గురికి వాక్ ఇచ్చాడు, మేం ఓడిపోయాం. తప్పు వాడిది కానే కాదు. పిచర్‌ను అలా అడగడమే తప్పు, ఎందుకంటే ఆ ప్రశ్నకు 'లేదు' అని చెప్పే పిచర్ పదకొండేళ్ల వాడైనా, హాల్ ఆఫ్ ఫేమ్ వాడైనా ఉండడు. లిటిల్ ఆ రాత్రి పెడ్రోను సంప్రదించడం మర్యాదగా కనబడింది కానీ, నిర్ణయ భారాన్ని ఆటగాడి మీదికి నెట్టడమే అయింది. అందుకే ఆయన మీద నాకు జాలి ఉన్నా, ఆ మార్పును తప్పుబట్టలేను.

దీనికి పూర్తి విరుద్ధమైనది 2020 వరల్డ్ సిరీస్ ఆరో ఆట. టాంపా బే రేస్ 1-0 ఆధిక్యంలో ఉంది. ఆ జట్టు పిచర్ బ్లేక్ స్నెల్ రెండే హిట్లు ఇచ్చి తొమ్మిది మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు, వేసినవి 73 బంతులు. ఆరో ఇన్నింగ్స్‌లో రెండో హిట్ పడగానే మేనేజర్ కెవిన్ క్యాష్ అతన్ని తీసేశాడు. వరసలోని బ్యాటర్లు ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనేటప్పుడు బాగా కొడతారన్న సూత్రాన్ని ఆయన పాటించాడు. తర్వాత వచ్చిన నిక్ ఆండర్సన్‌ను మూకీ బెట్స్ డబుల్‌తో స్వాగతించాడు, డాడ్జర్స్ 3-1తో గెలిచి టైటిల్ ఎగరేసుకుపోయింది. నా పుస్తకంలో ఆ చోట "స్నెల్‌ను ఉంచాలి" అని ఉంది. అయినా రేస్ జట్టు క్యాష్‌ను తీసేయలేదు, తీసేయాల్సిన పనీ లేదు. ఏడాదంతా ఏ పద్ధతితో గెలుస్తూ వచ్చారో ఆ పద్ధతినే ఆయన అక్టోబర్‌లోనూ పాటించాడు, ఆ పద్ధతి ఫ్రంట్ ఆఫీస్‌కూ సమ్మతమే. అక్కడ తప్పు ఉంటే పద్ధతిలో ఉంది, మనిషిలో లేదు. అమెరికన్ లీగ్‌లో ఉత్తమ మేనేజర్ అవార్డు 2020లోనూ 2021లోనూ ఆయనకే వచ్చింది. ఆ అవార్డుకు ఓట్లు పోస్ట్‌సీజన్ మొదలుకాకముందే వేస్తారన్నది గుర్తుంచుకోవాలి. 162 ఆటల పనిని అక్టోబర్ ఉద్వేగంతో కలపకుండా విడిగా చూడటం నాకు నచ్చిన సంప్రదాయం.

మీకు బాగా పనికొచ్చే ఉదాహరణ మాత్రం మనల్ని ఓడించిన జట్టులోనే ఉంది. టొరంటో మేనేజర్ జాన్ ష్నైడర్ 2023 వైల్డ్ కార్డ్ సిరీస్ (ప్లేఆఫ్‌ల తొలి రౌండ్) రెండో ఆటలో పిచర్ హోసే బెరియోస్‌ను 47 బంతులకే, నాలుగో ఇన్నింగ్స్‌లో, ఒక వాక్ ఇవ్వగానే తీసేశాడు. బెరియోస్ ఆ రోజు అద్భుతంగా వేస్తున్నాడు. మిన్నెసోటా ఆ ఇన్నింగ్స్‌లోనే రెండు పరుగులు తీసి 2-0తో గెలిచింది. టొరంటో అభిమానులు ష్నైడర్‌ను ఎంతగా తిట్టారో మీరు ఊహించుకోవచ్చు. 2024లో జట్టు 74 ఆటలే గెలిచి డివిజన్‌లో అట్టడుగున నిలిచింది. అప్పుడైనా తీసేయడానికి సాకు దొరికింది, అయినా ఉంచారు. 2025లో అదే మనిషి 94 విజయాలతో డివిజన్ గెలిపించి, మన మీద ఏడో ఆట గెలిచి, వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో టైటిల్‌కు రెండు అవుట్ల దూరందాకా తీసుకెళ్లాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టకపోతే ఆయన విగ్రహం గురించి మాట్లాడుకునేవారు.

ఆ వరల్డ్ సిరీస్‌లో అవతలి డగౌట్‌లో ఉన్న డాడ్జర్స్ మేనేజర్ డేవ్ రాబర్ట్స్ కథ ఇంకా పెద్ద పాఠం. 2019లో 106 ఆటలు గెలిచిన డాడ్జర్స్, వాషింగ్టన్‌తో ఐదో ఆటలో ఆధిక్యంలో ఉండగా, రాబర్ట్స్ స్టార్టర్ (మామూలుగా ఆటను మొదలుపెట్టే పిచర్) కెర్షాను రిలీఫ్‌కు తెచ్చి ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనూ కొనసాగించాడు. రెండోన్, సోటో వరస బంతుల్లో హోమ్ రన్‌లు కొట్టారు. పదో ఇన్నింగ్స్‌లో కెండ్రిక్ గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టాడు. రాబర్ట్స్‌ను తీసేయాలని లాస్ ఏంజెలెస్ అంతా కోరింది. తీసేయలేదు. 2020, 2024, 2025 టైటిళ్లు ఆయనవే. 2025 ఏడో ఆటలో, ముందురోజే 96 బంతులు వేసిన యమమోటోను తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పిలిచి చివరి ఎనిమిది అవుట్లూ అతనితోనే తీయించాడు. 2019లో కెర్షాను పిలిచిన ఆలోచనకూ, 2025లో యమమోటోను పిలిచిన ఆలోచనకూ నా దృష్టిలో పెద్ద తేడా లేదు. ఒకటి వికటించింది, ఒకటి ఫలించింది. మొదటిదాన్ని మూర్ఖత్వమని, రెండోదాన్ని మేధావితనమని అనడం న్యాయం కాదు.

ఇక మార్చితే లాభం ఉంటుందా అన్న మీ మూడో ప్రశ్న. లాభం వచ్చినట్టు కనబడే సందర్భాలు ఉన్నాయి. లిటిల్ తర్వాత టెర్రీ ఫ్రాంకోనా వచ్చిన మొదటి ఏడాదే, 2004లో, బోస్టన్ 1918 తర్వాత తొలి టైటిల్ గెలిచింది. 2017లో డివిజన్ గెలిచినా తొలి సిరీస్‌లోనే ఓడిన జాన్ ఫారెల్‌ను అదే జట్టు పంపేసి అలెక్స్ కోరాను తెచ్చుకుంటే, 2018లో 108 విజయాలు, టైటిల్. అయితే మేనేజర్‌తో పాటు ఇంకేం మారిందో చూడకుండా ఆ ఘనత కొత్త మేనేజర్ ఖాతాలో వేయకండి. 2004కు ముందు పిచర్లు షిల్లింగ్, ఫోల్క్ వచ్చారు. 2018కి ముందు బ్యాటర్ జే.డి. మార్టినెజ్ వచ్చాడు. మంచి సరుకు పడితే వంట బాగుంటుంది, గరిటె ఎవరి చేతిలో ఉన్నా కొంతవరకు.

వాషింగ్టన్ వ్యవహారం మరీ విచిత్రం. డస్టీ బేకర్ 2016లో 95, 2017లో 97 ఆటలు గెలిపించి, రెండుసార్లూ ఐదో ఆటలో ఓడితే ఒప్పందం పొడిగించలేదు. కొత్తగా వచ్చిన డేవ్ మార్టినెజ్ తొలి ఏడాది 82 దగ్గర ఆగాడు. రెండో ఏడాది 19 గెలుపులు, 31 ఓటములతో మొదలుపెట్టాడు. ఆ మే నెలలో జనం అడిగినట్టు ఆయనను తీసేసి ఉంటే, అదే ఏడాది వాళ్లు గెలిచిన వరల్డ్ సిరీస్ ఎవరి పేరుతో ఉండేదో చెప్పలేం. బేకర్ కూడా 2022లో హ్యూస్టన్‌తో టైటిల్ గెలిచాడు, అప్పటికి ఆయన వయసు 73.

మార్పు వల్ల ఏమీ జరగదనడానికి కూడా ఒక చక్కని కేసు ఉంది. 2023లో 92 ఆటలు గెలిచిన మిల్వాకీ మేనేజర్ క్రెయిగ్ కౌన్సెల్‌ను, ఐదేళ్లకు 4 కోట్ల డాలర్ల ఒప్పందంతో షికాగో కబ్స్ తీసుకుపోయింది. అప్పటికి ఏ మేనేజర్‌కూ అంత సొమ్ము లేదు. మరుసటి ఏడాది కబ్స్ విజయాలు 83, అంతకుముందు ఏడాదీ 83 మాత్రమే. ఆయన సహాయకుడిగా ఉన్న పాట్ మర్ఫీ చేతిలో మిల్వాకీ 2024లో 93, 2025లో 97 ఆటలు గెలిచింది. 2025 డివిజన్ సిరీస్‌లో రెండు జట్లూ తలపడితే మిల్వాకీయే గెలిచింది. కౌన్సెల్ మంచి మేనేజర్ కాడని నేననను. మేనేజర్ ప్రభావం మనం ఊహించుకున్నంత పెద్దది కాదని మాత్రం అంటాను.

ఇంకొక సంగతి. పోస్ట్‌సీజన్ ఓటమి తర్వాత జరిగే మార్పుల్లో చాలావాటికి అసలు కారణం ఆ ఓటమి కాదు. 2017లో యాంకీస్ జో జిరార్డీని వదులుకున్నప్పుడు, క్లీవ్‌లాండ్‌తో రెండో ఆటలో ఆయన రీప్లే కోరని తప్పే కారణమని బయట అనుకున్నారు. జట్టు మాత్రం యువ ఆటగాళ్లతో ఆయన సంబంధాల గురించి మాట్లాడింది. 2021లో వరసగా 17 ఆటలు గెలిచి వైల్డ్ కార్డ్ ఆటదాకా వెళ్లిన సెయింట్ లూయిస్, ఆ ఆట ఓడిన కొద్ది రోజులకే మేనేజర్ మైక్ షిల్ట్‌ను అభిప్రాయభేదాల పేరుతో పంపేసింది. డగౌట్‌కూ పైఅంతస్తుకూ మధ్య మాట పొసగనప్పుడు ఓటమి ఒక ముహూర్తం మాత్రమే.

మన జట్టు చరిత్రే చూడండి. 2022లో 21 ఏళ్ల తర్వాత మనల్ని ప్లేఆఫ్‌లకు చేర్చిన స్కాట్ సర్వైస్, హ్యూస్టన్‌తో మొదటి ఆటలో 7-5 ఆధిక్యంలో ఉండగా, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్టార్టర్ రాబీ రేను రిలీఫ్‌కు పిలిచాడు. యోర్డన్ అల్వారెజ్ మూడు పరుగుల హోమ్ రన్‌తో ఆట ముగించాడు. విల్సన్ ఏడో ఆట నిర్ణయంకంటే అది నాకు ఎక్కువ తప్పుగా తోచింది. అయినా సర్వైస్ ఉద్యోగం దానివల్ల పోలేదు. 2024 జూన్‌లో పది ఆటల ఆధిక్యం సంపాదించి, దాన్ని వేసవిలోనే కరిగించుకుని, ఆగస్టులో జట్టు 64 గెలుపులు, 64 ఓటముల దగ్గర నిలబడినప్పుడు పోయింది. ఆ నిర్ణయం నెలల తరబడి కనబడిన దానిని చూసి తీసుకున్నది కాబట్టి నాకు సబబే అనిపించింది. ఆయన స్థానంలో వచ్చినవాడే విల్సన్.

తన తొలి పూర్తి సీజన్‌లో 90 విజయాలు, 2001 తర్వాత మొదటి డివిజన్ టైటిల్, వరల్డ్ సిరీస్‌కు ఎనిమిది అవుట్ల దూరం. ఉత్తమ మేనేజర్ అవార్డుకు ముగ్గురు ఫైనలిస్టుల్లో ఆయనొకడు. మన బ్యాటర్ కాల్ రాలీ 60 హోమ్ రన్‌లు కొట్టిన ఏడాదిలో ఏ మేనేజరైనా గెలుస్తాడని మీరనవచ్చు, అందులో నిజం ఉంది.

కాబట్టి వేటు గురించి ఆలోచించడం మాని, ఒక పని చేయండి. ఇకమీదట మారినర్స్ ఒక పరుగు ఆధిక్యంలో ఉండి, ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు రన్నర్లతో ప్రత్యర్థి మొదటి వరస బ్యాటర్లు వచ్చినప్పుడు విల్సన్ ఎవరిని పిలుస్తున్నాడో గమనించండి. అలాంటి సందర్భాలు ఒక సీజన్‌లో చాలానే వస్తాయి. మున్యోజ్‌ను ఒక్కసారి కూడా ముందుగా పిలవకుండా, ప్రతిసారీ తొమ్మిదో ఇన్నింగ్స్ కోసమే దాచిపెడుతుంటే, ఆ అక్టోబర్ నిర్ణయం ఆయన అలవాటేనని నేనూ ఒప్పుకుంటాను, అప్పుడు మీ పక్షాన మాట్లాడతాను. అయితే ఎవరిని పిలవాలన్నది మీరు కూడా ముందే, పెన్నుతోనే రాసుకోవాలి.